మ్యాపు మీద గుండె గుర్తు

కార్తీకమాసం వచ్చాక మొదటి ఆదివారం పొద్దున్న హారతి పెరటి అరుగు మీద కూర్చుని రెండు గ్లాసుల్లో టీ పోసింది. పెళ్ళయి ఆవాళ్టికి డెబ్బై రెండో రోజు. ఎవరూ అడగకపోయినా ఆ లెక్క ఆమె రోజూ పొద్దున్నే ఒకసారి వేసుకునేది. ఇంట్లో అన్ని గ్లాసులుండగా భర్త భానుతేజ అంచు సొట్టపోయిన గ్లాసునే ఏరుకుంటాడని మొదటి వారంలోనే కనిపెట్టింది. అప్పటినుంచి ఆ గ్లాసు ఇంకెవరి చేతికీ చిక్కకుండా బియ్యం డబ్బా వెనక దాస్తోంది.

ఆ వారానికి వాళ్ళ ఏర్పాట్లు చాలా చిన్నవి. బుధవారం అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకోవాలి. రెండుసార్లు వాయిదా పడిన వ్రతం అది. గంధం రంగు చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది. కొండ దిగుతూ మెట్ల మీద కూర్చుని ప్రసాదం ఇద్దరూ ఒకే ఆకు పొట్లంలోంచి తినాలని కూడా నిర్ణయించుకుంది. ఈ సంగతి భానుతేజకి ఇంకా చెప్పలేదు. ఆకాశం మాత్రం మసిగుడ్డలా ఉంది. గాలి లేదు. కొబ్బరాకు ఒక్కటీ కదలడం లేదు.

టీ సగం తాగేసరికి మామగారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఆయన పూర్తి పేరు వీరవెంకటసత్యనారాయణ. ఆ పేరు పాసుపుస్తకంలోనూ శుభలేఖలోనూ తప్ప ఎక్కడా కనబడదు. పెదమెరకలో అందరికీ ఆయన సత్యంగారు.

"అమ్మాయ్, కోయమంటావా, ఉంచమంటావా?" అన్నారు.

నాలుగెకరాల వరి ఇంకో వారంలో కోతకి వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. అది తుఫానై గాలి వీస్తే నిలబడ్డ చేను నేలకొరిగి నీళ్ళలో పడుతుంది. అలాగని ముందే కోసేస్తే, గాలికి బదులు ముసురు పట్టిందంటే తడి ధాన్యం రాశిలోనే మొలకెత్తుతుంది. కోయడమా, ఉంచడమా? ఏది చేసినా ముందురోజే చేయాలి. నిరుడు సత్యంగారు టీవీని నమ్మి ఉంచారు, గాలి వచ్చింది. అంతకుముందు ఏడు తన మోకాలి నొప్పిని నమ్మి కోశారు, ముసురు పట్టింది. ఈ ఏడు ఇంట్లోకి ఫిజిక్సులో ఎమ్మెస్సీ చదివిన కోడలు వచ్చింది.

నిరుడు నీళ్ళలోంచి ఏరుకున్న ధాన్యమే ఇప్పటికీ ఆ ఇంట్లో వండుతున్నారు. అన్నం పసుపుగా ఉండి, ముద్ద నోటి దగ్గరికి రాగానే ముక్కవాసన కొడుతుంది. కాపురానికి వచ్చిన రోజు హారతి తిన్న మొదటి ముద్ద అదే. అత్తగారు సూర్యకళ వడ్డించేటప్పుడు కోడలి మొహంలోకి చూసేది కాదు. "ఈ ఏడాదైనా నీకు తెల్లటి అన్నం పెట్టాలమ్మా" అని కూర గిన్నెతో చెప్పేది.

హారతి ఫోను తీసి వాతావరణ బులెటిన్ చదివింది. "మంగళవారం రాత్రి మచిలీపట్నం, కళింగపట్నం మధ్య తీరం దాటవచ్చంటున్నారండి. గాలి అరవై నుంచి డెబ్బై."

"మధ్యంటే మనమేనా?"

"మనం కూడానండి."

"మనతో పాటు ఇంకెవరు?"

"సగం కోస్తా అండి."

సత్యంగారు కళ్ళజోడు సవరించుకుని మ్యాపులోకి తొంగిచూశారు. సముద్రం ఎటో, నేల ఎటో ఆయనకి అంతుపట్టలేదు. అందుకని హారతి ఆ మ్యాపును ఫోటో తీసి, పెదమెరక ఉన్నచోట ఒక గుర్తు పెట్టింది. ఫోనులో వందల గుర్తులున్నాయి. చుక్క ఉంది, జెండా ఉంది, ఇల్లు కూడా ఉంది. ఆమె ఎర్రటి గుండె బొమ్మ పెట్టింది. పెళ్ళయి డెబ్బై రెండు రోజులే అయిందని ముందే చెప్పుకున్నాం కదా.

"ఇదిగోనండి, మనిల్లు. తుఫాను ఇంకా ఇక్కడుంది. సాయంత్రం అయిదింటికి ఇంకో బులెటిన్ వస్తుంది. అది చూసి చెప్తాను. ఇప్పుడైతే ఇంకా తెలీదండి."

"సరే. రేపు మిషను మనకేనని బుల్లియ్యకి చెప్పి ఉంచుతాను. ఆపైన నీ మాట" అని ఆయన వెళ్ళిపోయారు. బుల్లియ్యది ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క వరికోత మిషను.

హారతి ఆ ఫోటోని "జాగ్రత్తగా ఉండండి, గాలి 60–70 ఉండొచ్చు" అని రాసి గ్రూపులో పెట్టింది. అది పెళ్ళికోసం పెట్టిన గ్రూపు. పేరు 'భాను వెడ్స్ హారతి'. పెళ్ళయిపోయినా దాన్ని మూయాలని ఎవరికీ తోచలేదు. నూట నలభై మూడుమంది అందులో అలాగే ఉన్నారు. అటువాళ్ళు, ఇటువాళ్ళు, వంటవాళ్ళు, సన్నాయి మేళం, కల్యాణ మండపం వాచ్‌మన్, ఆఖరికి బుల్లియ్య కూడా.

పదింటికి తుని నుంచి ఫోను. సూర్యకళ చెల్లెలు రామలక్ష్మి.

"ఏమ్మా హారతీ, నీ ఫోటో మా వీధి గ్రూపులో పెట్టాను."

"నా ఫోటోనా అండీ?"

"తుఫానుదేనమ్మా. అరవయ్యో డెబ్బయ్యో అన్నావు కదా, నేను ఎనభై అని పెట్టాను."

"ఎనభై అనలేదండి..."

"తెలుసులే. పదిమంది భోజనానికొస్తారంటే పన్నెండుమందికి వండుకోమూ? ఇదీ అంతే. తక్కువైతే మాట వస్తుంది కానీ ఎక్కువైతే ఏముంది?"

హారతికి నవ్వొచ్చింది. పన్నెండుమందికి వండే పిన్నత్తగారు ఎంత మంచివారో అనుకుంది. అయితే ఆ జిల్లాల్లో పదిమందికి పదిమందికే వండే ఇల్లు ఒక్కటీ లేదన్న సంగతి ఆమె ఆలోచించలేదు. తుఫాను ఏ ఇంటి ముందు ఆగినా ఇంకో పదో ఇరవయ్యో కొసరి వడ్డించుకుని సాగింది.

పన్నెండింటికి పక్క పొలం నాగేశ్వరప్రసాద్ గారు చెప్పులు గుమ్మం అవతలే విడిచి, ఫోను చేత్తో పట్టుకుని ఆదరాబాదరాగా లోపలికి వచ్చారు.

"సత్యంగారూ, చూశారా? మన ఊరి మీదేనండి!"

ఫోనులో ఒక మ్యాపు ఉంది. అంచులు కత్తిరించి ఉంది. పదిమంది చేతులు మారి మసకబారి ఉంది. మూలన ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పారు. సరిగ్గా పెదమెరక మీద ఎర్రటి గుండ్రని మచ్చ, దాని చుట్టూ ఇంకో ఎర్ర సున్నా. కింద 'తుఫాను కేంద్రం ఇక్కడే. గాలి 120' అని రాసి ఉంది.

"ఎవరేశారండి ఇది?" అంది హారతి.

"ఎవరో పెద్ద సైంటిస్టుగారటమ్మా. తుని నుంచి వచ్చింది."

హారతి గుండె దడదడలాడింది. మ్యాపులో ఉన్నదీ తన గుండేనని మాత్రం ఆమెకి తట్టలేదు. తన దగ్గరున్న బులెటిన్ 'మధ్య' అంటోంది. ఈ సైంటిస్టుగారెవరో ఊరిపేరుతో సహా చెబుతున్నారు. చదువుకున్నవాళ్ళకి కచ్చితంగా మాట్లాడేవాళ్ళంటే గౌరవం.

నాగేశ్వరప్రసాద్ గారు గొంతు తగ్గించారు. "సత్యంగారూ, ఒక్క మాటండి. మీది కాస్త మెరక, నీళ్ళు నిలవ్వు. మాది పల్లం. రేపు మిషను మాకు వదిలిపెడితే..."

సత్యంగారి మొహంలో ఒక నరం కదిలింది. అయినా నోరు తన అలవాటు తాను తప్పలేదు. "అయ్యో, దానికేముందండి! ముందు మీదే కానివ్వండి. మంచినీళ్ళు తీసుకుంటారా?"

ఆయన గుమ్మం దాటగానే వంటింట్లో గరిటె పడిన చప్పుడైంది. "మర్యాద ఉడకేసుకుని తింటామా ఏంటి?" అంది సూర్యకళ.

"ఎదురుగా వచ్చి అడిగితే లేదని ఎలా అంటానే? ఎల్లుండి పొద్దున్న మనకి వస్తాడులే."

మూడింటికి కోరుకొండ నుంచి హారతి తల్లి మీనాకుమారి ఫోను చేసి ఏడ్చింది. "అమ్మలూ, మీ ఊరి మీదే పడుతుందటే! మా గుడి దగ్గర అందరి ఫోన్లలోనూ అదే. నువ్వు బయలుదేరి వచ్చేయ్. అల్లుడుగారిని కూడా తీసుకురా."

హారతి తల్లిని ఓదార్చి, కాగితం మీద రాసుకుంది: ఒకటి తుని, రెండు పెదమెరక, మూడు కోరుకొండ. ల్యాబులో మూడు రీడింగులు కలిస్తే ఫలితం సరైనదని అయిదేళ్ళు నేర్చుకుంది. ఆ మూడూ తన చేతిలో బయలుదేరిన ఒకే ఫోటోకి మనవలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఎర్ర సున్నా ఉన్న మ్యాపును గ్రూపులో పెట్టి, "మూడు చోట్ల నుంచి ధ్రువపడింది. అందరూ జాగ్రత్త" అని రాసింది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల ధ్రువపడిందంటే ఇక అడగడానికేముంది? నూట నలభై మూడుమందీ మళ్ళీ పంచారు.

అయిదింటికి బులెటిన్ వచ్చింది. మళ్ళీ అదే 'మధ్య', అదే అరవై, డెబ్బై. హారతికి చిరాకేసింది. ఊరంతటికీ తెలిసిన సంగతి వీళ్ళకింకా తెలియలేదే అనుకుంది.

"కోసెయ్యండి మామయ్యగారూ" అంది.

సత్యంగారు బుల్లియ్యకి ఫోను చేశారు.

"ఆయ్, చెప్పండి."

"బుల్లియ్యా, ఎల్లుండి పొద్దున్న మనది."

"ఎక్కడండీ! కోడలమ్మగారు గ్రూపులో పెట్టిన దగ్గర్నుంచి పదిహేడుమంది పట్టేశారండి. మీ వంతు గురువారమండి."

"తుఫాను మంగళవారమయ్యా!"

"ఆయ్, తుఫానుకి నేనేం చెప్పగలనండి మరి."

సోమవారం ఊరు ఊరంతా పొలాల్లోనే ఉంది. మిషను దొరికినవాళ్ళు మిషనుతో, దొరకనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కూలీల్ని తెచ్చుకుని కొడవళ్ళతో, పచ్చి వదలని చేలన్నీ కోసిపారేశారు. సత్యంగారికి కూలీలూ దొరకలేదు. ఆయన గట్టు మీద నిలబడి, నాగేశ్వరప్రసాద్ గారి చేలో మిషను తిరుగుతుంటే తలూపుతూ చూశారు. మధ్యలో ఒకసారి "ఆ మూల వదిలేశాడు, చూసుకోండి" అని సలహా కూడా చెప్పారు.

భానుతేజ సెలవు పెట్టి బరకాలకోసం రావులపాలెం వెళ్ళాడు. టార్పాలిన్ అన్నది ఏ కొట్లోనూ లేదు. వట్టి చేతులతో వచ్చి, అటక మీద నుంచి పెళ్ళి మండపం ముందు కట్టిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ దించాడు. దాన్ని గడ్డిమేటు మీద కప్పి తాళ్ళతో బిగించాడు. మేటు మీద నుంచి భానుతేజ, హారతి చేతులు పట్టుకుని వీధిలోకి చూసి నవ్వుతున్నారు. ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క లేని ఆ పూట, హారతి రెండుసార్లు బయటికి వచ్చి ఆ బొమ్మ చూసుకుని లోపలికి వెళ్ళింది. మొదటిసారి తాడు సరిగ్గా ఉందో లేదో చూడటానికే వచ్చింది.

మంగళవారం సన్నగా జల్లు మొదలైంది. పంచాయతీ ఆటో మైకులో బయటికి రావద్దని చెబుతూ తిరిగింది. వీధులకు రెండు పక్కలా ధాన్యం రాశులు. వాటి మీద బరకాలు, బరకాల మీద రాళ్ళు. హారతి దేవుడి దగ్గర కూర్చుంది. చేను వైపు చూడాలంటే భయంగా ఉంది. నాలుగెకరాలూ బరువెక్కిన కంకులతో, ఊళ్ళో ఇంకేమీ నిలబడిలేని చోట ఒంటరిగా నిలబడి ఉన్నాయి.

మధ్యాహ్నం భానుతేజ మంచం మీద పడుకుని ఆ ఎర్ర సున్నా మ్యాపును వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాడు. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు.

"హారతీ, ఇలా రా. ఈ సున్నా కింద మొనలాగా బయటికొచ్చిందేంటి?"

హారతి చూసింది. సున్నా అంచులోంచి, గులాబీ పువ్వుకి కొంచెం దిగువగా, ఒక చిన్న ఎర్ర మొన పొడుచుకొచ్చి ఉంది. పైన రెండు బుగ్గలు కూడా లీలగా తెలుస్తున్నాయి.

"ఇది నువ్వు పెట్టిన గుండె కదా?" అన్నాడు భానుతేజ.

ఆమె తన ఫోనులో ఆదివారం నాటి ఫోటో తీసి దాని పక్కన పెట్టి చూసింది. "సైంటిస్టుగారు నేనేనా అండీ?" అంది చివరికి.

భానుతేజ ముందు నవ్వాడు. కిటికీలోంచి వీధిలో బరకాలు చూసి నవ్వు ఆపేశాడు.

హారతి తిన్నగా మామగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతూ ఏడ్చింది. సత్యంగారు వాకిట్లో వాన చూస్తూ విన్నారు. "అయితే మన ఊరి మీదికి రావడం లేదా?" అన్నారు.

"అదీ... ఇంకా తెలీదండి."

"ఆదివారం పొద్దున్నే చెప్పావు కదమ్మా ఆ మాట. అక్కడే ఆగిపోవలసింది" అన్నారాయన. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండునని హారతికి ఆ రాత్రంతా అనిపించింది.

బుధవారం తెల్లవారేసరికి తుఫాను ఎవరూ అనుకోని విధంగా ఉత్తరానికి తిరిగి ఒడిశా వైపు వెళ్ళిపోయింది. పెదమెరకలో ఒక కొబ్బరాకు కూడా రాలలేదు. తుఫాను తోకపట్టుకుని వచ్చిన వాన మాత్రం ఆగిపోయింది, ఊళ్ళోనే ఆగిపోయింది. గాలి లేని వాన, నిట్టనిలువుగా, తొందర లేకుండా, మూడు రాత్రులు, మూడు పగళ్ళు కురిసింది. అన్నవరం మూడోసారి వాయిదా పడింది. గంధం రంగు చీర ఇస్త్రీ మడతలతోనే చెమ్మగిల్లింది.

శనివారం ఎండ వచ్చాక ఊళ్ళో బరకాలు ఎత్తారు. ఎత్తినచోటల్లా వేడి ఆవిరి, పులిసిన వాసన. రాశుల్లో తెల్లటి మొలకలు. నాగేశ్వరప్రసాద్ గారు ఒక దోసెడు ధాన్యం చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూసి, తీసినచోటే జాగ్రత్తగా పోశారు.

సత్యంగారి నాలుగెకరాలు తలలు వంచుకుని నిలబడి ఉన్నాయి. గాలి లేదు కాబట్టి పడలేదు. మెరక కాబట్టి నీళ్ళు దిగిపోయాయి. వారం ఎండకి గలగలలాడింది చేను. బుల్లియ్య పిలవకుండానే మిషనుతో వచ్చాడు. "ఆయ్, కోయడానికి ఇంకెవరిదీ లేదండి" అన్నాడు.

ఆ రోజు నుంచి వీధిలో హారతికి పలకరింపులు తగ్గాయి. ఉన్న పలకరింపుల్లో గౌరవం ఎక్కువైంది. అది ఇంకా బాధగా ఉంది. సంగతేమిటో సూర్యకళ నూతి దగ్గర విని వచ్చింది. "అందరిచేతా కోయించి, మనది ఉంచుకున్నామట. మిషను అడగ్గానే మీ మామయ్య నవ్వుతూ వదిలేశారట. అంతా తెలిసుండబట్టే గడ్డిమేటు మీద నుంచి మీరిద్దరూ అలా నవ్వారట."

"అది పెళ్ళి ఫోటో అత్తయ్యగారూ!"

"నాకెందుకమ్మా చెబుతావు?"

హారతి గ్రూపులో అంతా వివరంగా రాసింది. గుండె తానే పెట్టింది, సున్నా ఎవరో పెట్టారు, మూడు కబుర్లూ ఒక్కటే, తనకేమీ తెలియదు, చేతులెత్తి క్షమాపణ. ముప్పై ఆరుమంది నమస్కారాలు పెట్టారు. సన్నాయి మేళం ఆయన పువ్వు పెట్టాడు. రామలక్ష్మి పిన్నత్తగారు, "అంత చదివిన పిల్ల పొరపాటు పడుతుందా, పెద్దమనసుతో తన మీద వేసుకుంటోంది" అని రాసింది. కొసరడం ఆవిడకి మాటల్లోనూ అలవాటే.

కొత్తబియ్యం వచ్చిన రోజు సూర్యకళ అన్నం వార్చి, కోడలి మొహంలోకి చూస్తూ వడ్డించింది. మల్లెపువ్వులా ఉంది అన్నం. హారతి ముద్ద కలిపింది కానీ, ఎదురింటి నుంచి ముక్కవాసన వస్తుంటే నోట్లో పెట్టుకోలేకపోయింది. సత్యంగారు లేచి, ఒక బస్తా బియ్యం భుజాన పెట్టుకుని నాగేశ్వరప్రసాద్ గారింటికి వెళ్ళారు. ఆయన బస్తా దించుకున్నారు. "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ! మంచినీళ్ళు తీసుకుంటారా?" అన్నారు.

అన్నవరం నాలుగో ప్రయత్నానికి కుదిరింది. వ్రతం అయ్యాక మెట్ల మీద కూర్చుని ఒకే పొట్లంలోంచి ప్రసాదం తిన్నారు. ఈ తుఫాను కథలో హారతి అనుకున్నట్టు జరిగింది అదొక్కటే. భానుతేజ చివరి ముద్ద ఆమెకి వదిలిపెట్టాడు. ఆ ఆనందంలో ఆమె ఫోను తీసి కొండని ఫోటో తీసి, గుండె గుర్తు పెట్టబోయి, ఆగి, దాన్ని చెరిపేసింది.

ఆ తర్వాతి సోమవారం బంగాళాఖాతంలో మళ్ళీ అల్పపీడనం. కోసిన చేలల్లో మినుములు చల్లే రోజులవి. వాన ముందో వెనకో తెలియకుండా చల్లితే విత్తనం కుళ్ళిపోతుంది. పొద్దున్నే హారతి అరుగు మీద సొట్ట గ్లాసులో టీ పోస్తుండగా నాగేశ్వరప్రసాద్ గారు వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డారు. వెనక ఇంకో నలుగురు రైతులున్నారు.

"అమ్మా హారతీ, తుఫాను సంగతి మేమేమీ అడగటం లేదు. ఆ ఫోను లోపల పెట్టెయ్ తల్లీ. మీరు మినుములు చల్లుతున్నారా, లేదా? అదొక్కటి చెప్పు చాలు."

హారతి నిజమే చెప్పింది. "ఇంకా తెలీదండి."

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, దణ్ణం పెట్టి, గబగబా వెళ్ళిపోయారు. వారం పొడుగునా ఎండ కాసింది, చినుకు పడలేదు. ఊళ్ళో ఒక్కరూ మినుములు చల్లలేదు, సత్యంగారితో సహా.